చెన్నపట్నం నుంచి కాశీ ఎంత దూరం?

ఫోనులో అడిగితే జవాబు వెంటనే వచ్చేస్తుంది. చెన్నై నుంచి కాశీకి ఆకాశ మార్గాన సుమారు 1,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానం దొరికితే రెండున్నర గంటలు, కాస్త అటూ ఇటూ. రైల్లో అయితే 2,100 కిలోమీటర్ల పైచిలుకు, ఒకటిన్నర రోజు ప్రయాణం. రోడ్డు మీద 1,800 కిలోమీటర్ల పైన. ఊళ్ళు రెండే, దూరాలు మాత్రం మూడు.

మా ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నాలుగో లెక్క ఒకటి ఉండేది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని. ఈ సామెత మీ ఇళ్ళల్లో కూడా వినే ఉంటారు. అందులో కిలోమీటర్లు లేవు, గంటలు లేవు. మనిషి తిరిగొస్తాడో రాడో చెప్పలేనంత దూరం, అంతే. అందుకే వెళ్ళేవాళ్ళు అప్పులు తీర్చి, ఇంటి వ్యవహారాలు ఎవరికో ఒకరికి అప్పగించి మరీ బయలుదేరేవాళ్ళు. తిరిగొస్తే బంధువుల్ని పిలిచి కాశీ సమారాధన చేసి, గంగ నింపిన రాగి చెంబులు పంచేవాళ్ళు. మా ఇంట్లో అలాంటి చెంబు ఒకటి ఇంకా మూత తీయకుండా పూజగదిలో ఉంది. ఎవరు తెచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు.

ఆ సామెత కాలం నుంచి ఈ రెండున్నర గంటల దాకా ఏం జరిగిందో చూడాలంటే, మన చెన్నపట్నం తెలుగువాడే ఒకాయన దగ్గర మొదలుపెట్టాలి. ఏనుగుల వీరాస్వామయ్య. ఇక్కడి సుప్రీం కోర్టులో ద్విభాషి. అంటే సాక్షులు చెప్పింది ఇంగ్లీషు జడ్జీలకు, జడ్జీలు అన్నది సాక్షులకు చెప్పే ఉద్యోగం. తెలుగు, తమిళం, ఇంగ్లీషు ఆయనకు పనిముట్లు. రెండు భాషల నడుమ బతకడం మదరాసు తెలుగువాళ్ళకు ఎప్పుడూ ఉన్నదే, ఆయనకు అదే జీతం తెచ్చిపెట్టింది.

1830 మే 18, మంగళవారం రాత్రి తొమ్మిది గంటలకు ఆయన తండయార్‌పేటలోని తోట నుంచి బయలుదేరారు. మొదటి మజిలీ మాధవరం. మళ్ళీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలల పదిహేను రోజులని పుస్తకంలో లెక్క. మేము క్యాలెండరు పెట్టి కూడితే 473 రోజులు వచ్చాయి. కుటుంబం, పరివారం కలిపి వెంట నూరుమంది దాకా ఉన్నారు.

మాధవరం పేరు చూడగానే చెన్నైలో ఉన్నవాళ్ళకు నవ్వొస్తుంది. 2018 నుంచి ఆంధ్రా వైపు వెళ్ళే బస్సులకు మాధవరంలోనే బస్టాండు. తిరుపతికో నెల్లూరుకో వెళ్ళాలంటే అందరం అక్కడికే పోవాలి. ఊరు ఎంత పెరిగినా, ఉత్తరానికి పోయేవాడి మొదటి మజిలీ మాత్రం మారలేదన్నమాట.

ఆయన దారి కూడా మనకు అలవాటైన పేర్లతోనే మొదలవుతుంది. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, కృష్ణ దాటి హైదరాబాదు. అక్కడి నుంచి నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ, కాశీ. వచ్చేటప్పుడు ఆ దారి పట్టలేదు. గయ, కలకత్తా చూసుకుని, పూరీ జగన్నాథం మీదుగా కోస్తా వెంట దిగారు. గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు, మదరాసు. పటం తీసి ఈ గీతను ఒక్కసారి వేలితో గీసి చూడండి. వెళ్ళేటప్పుడు రాయలసీమ, తెలంగాణ. వచ్చేటప్పుడు ఉత్తరాంధ్ర, గోదావరి, కృష్ణ, నెల్లూరు సీమలు. తెలుగుదేశం బయట స్థిరపడిన ఇంటి మనిషి, కాశీ పేరు మీద తెలుగుదేశం మొత్తాన్ని ఒక చుట్టు చుట్టి వచ్చాడు.

మాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ రాష్ట్రం లేదు. కడప కుంపిణీ చేతిలో ఉంది, హైదరాబాదు నిజాము చేతిలో ఉంది, నాగపూరు భోంస్లేలది. ఒక పాలన దాటి ఇంకో పాలనలోకి పోతే సుంకాలు వేరు, చెల్లే నాణేలు వేరు, దారిలో భయం కూడా వేరే. వాటన్నిటి కిందా ఒకే భాష పరుచుకుని ఉందని చెన్నపట్నంలో కూర్చుంటే తెలియదు. నడిచి దాటినవాడికి తెలుస్తుంది. నాలుగు మజిలీలకు ఒకసారి మాట యాస మారుతుంది గాని మాట మారదు. ఆ తర్వాత ఒకచోట నిజంగానే మారిపోతుంది. వీరాస్వామయ్యగారు ఊరూరికీ దిగి, నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, ఇళ్ళు ఎలాంటివి, ఏం దొరుకుతుంది అని రాసుకుంటూ పోయారు. భాష కూడా గ్రంథాల భాష కాదు, చెన్నపట్నంలో ఆయన ఇంట్లో మాట్లాడుకున్న తెలుగుకు దగ్గర.

దూరానికి ఆయన వాడిన కొలత ఆమడ. ఆమడ అంటే నాలుగు క్రోసులు. మైళ్ళలో చెప్పమంటే ఎనిమిది అనేవాళ్ళూ ఉన్నారు, పది అనేవాళ్ళూ ఉన్నారు. సీమను బట్టి మారుతుంది. ఇప్పటి పిల్లలకు ఈ కొలత వింతగా ఉంటుంది. గోదారి సీమలో ఆమడ ఒకలా, దక్కనులో ఇంకోలా ఉంటే అది కొలతే ఎలా అవుతుందని మా పిల్లలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆమడ నేలను కొలిచేది కాదు, మనిషి ఓపికను కొలిచేది. రేగడి నేల మీద వానాకాలంలో ఒక ఆమడ నడవడం, రాతి బాట మీద ఎండాకాలంలో ఒక ఆమడ నడవడం ఒకటి కాదు. మేలో బయలుదేరినవాళ్ళకు వానలు దారి మధ్యలో పట్టుకున్నాయి. దాటాల్సిన నదులన్నీ నిండి ఉండే రోజులవి.

చిత్రం ఏమిటంటే, నేలను నేలగా కొలిచే పని కూడా మన ఊళ్ళోనే మొదలైంది. వీరాస్వామయ్యగారు బయలుదేరడానికి 28 ఏళ్ళ ముందు, 1802 ఏప్రిల్ 10న, విలియం లాంబ్టన్ అనే దొర పరంగిమలై దగ్గర ఉక్కు గొలుసు పరిచి ఏడున్నర మైళ్ళ గీతను కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ళు అంటే ఆమడ కూడా కాదు. దానికి 57 రోజులు పట్టింది. ఆ గీతను ఆధారం చేసుకుని, త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ, హిందూదేశం మొత్తాన్ని కొలిచారు. లాంబ్టన్ ఆ పనిలోనే ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ 1823లో నాగపూరుకు ఇవతల హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. హైదరాబాదు నుంచి నాగపూరు పోయే దారిలోని ఊరది. ఏడేళ్ళ తర్వాత మన ద్విభాషిగారి పల్లకీ పోయింది ఆ సీమ మీదుగానే. ఒకాయన గొలుసుతో, ఇంకొకాయన ఆమడలతో, ఇద్దరూ చెన్నపట్నం నుంచే బయలుదేరి ఒకే నేలను లెక్కపెట్టారు. మన విమానాశ్రయం ఉన్నది కూడా ఆ పరంగిమలై పక్కనే.

పల్లకీ అన్నాం కాబట్టి ఒక మాట చెప్పాలి. ఈ యాత్ర గురించి మాట్లాడేటప్పుడు మనం వీరాస్వామయ్యగారి పేరే చెబుతాం. నడిచింది మాత్రం ఎక్కువగా బోయీలు. సవారీ మోసినవాళ్ళు, కావడి మోసినవాళ్ళు, గుడారాలు ముందుగా తీసుకుపోయి వేసినవాళ్ళు. వాళ్ళకు కాశీ దూరం భుజం మీద బరువుతో కలిపి లెక్క. యజమాని ఉదారుడే, వెంట వచ్చినవాళ్ళ మంచిచెడ్డలు చూసుకున్నవాడే. అయినా వాళ్ళ వైపు నుంచి ఈ ప్రయాణం ఎవరూ రాయలేదు. పాత రోజుల్లో ప్రయాణం తీరిగ్గా, అందంగా ఉండేదని ఎవరైనా అంటే మాకు వెంటనే గుర్తొచ్చేది ఇదే. ఆ తీరిక ఎవరి భుజాల మీద నడిచిందో కూడా చూడాలి.

మరి చెన్నపట్నంలో ఉండిపోయినవాళ్ళకు ఈ దూరం ఎలా తెలిసేది? ఉత్తరాల వల్ల. కూవం ఒడ్డున కోమలేశ్వరన్‌పేట అని ఉంది చూడండి, చింతాద్రిపేట పక్కన. అక్కడి కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై వీరాస్వామయ్యగారికి స్నేహితుడు. దారిలో చూసిందంతా ఆయనకు జాబులుగా రాసి టపాలో పంపారు. మదరాసులో పెద్ద టపా కచేరీ 1786లోనే పెట్టారు. టపా మోసేవాళ్ళు మజిలీ మజిలీకి మారుతూ రాత్రీ పగలూ పరుగెత్తేవాళ్ళు కాబట్టి, నూరుమంది పరివారం కన్నా ఒక కాగితం చాలా వేగంగా పోయేది. అయినా ఒక జాబు కోమలేశ్వరన్‌పేట చేరేసరికి, రాసినాయన ఆ ఊరు విడిచి ఎన్నో మజిలీలు దాటి ఉంటారు. ఇక్కడివాళ్ళు చదువుతున్నది గడిచిపోయిన క్షేమం. ఇవాళ్టి క్షేమం తెలియడానికి మళ్ళీ వారాలు ఆగాలి. సామెతలోని భయమంతా ఈ ఖాళీలోనే ఉందని మాకు అనిపిస్తుంది. దూరం వల్ల కాదు, కబురు లేకపోవడం వల్ల కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడిలా అయ్యాడు.

వీరాస్వామయ్యగారు 1836లో చనిపోయారు. ఆ జాబులన్నీ చేర్చి పిళ్ళైగారు 1838లో అచ్చు వేయించారు. అదే కాశీయాత్ర చరిత్ర. ఒక శతాబ్దం తర్వాత, 1941లో, బెజవాడ లాయరు దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని సంపాదించి, వివరాలతో మళ్ళీ వెలువరించారు. మన తరానికి అది అందింది అలాగే. తెలుగువాడు రాసి, తమిళ స్నేహితుడు దాచి అచ్చు వేయిస్తే బతికిన పుస్తకం. చెన్నపట్నంలో ఇలాంటివి జరుగుతాయి.

ఆ కబురు లేని ఖాళీని ముందుగా తగ్గించింది రైలు కాదు, తంతి. 1855 నాటికి మదరాసు, బొంబాయి, ఆగ్రా, కలకత్తా తీగతో కలిశాయి. అంటే మనిషి కన్నా ముందు మాట కాశీ చేరింది. తంతిని మన ఇళ్ళల్లో ఎవరూ ప్రేమించలేదు. తంతి వచ్చిందంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. కానీ అది రాలేదంటే క్షేమం అనుకునే ధైర్యం కూడా అదే ఇచ్చింది. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయిన రోజు మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పేపర్లో చదివి పక్కన పెట్టాం.

రైలు మన దగ్గర 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మొదలైంది. కాశీ వైపు కాదు, పడమటి వైపు. 1870లో బొంబాయి నుంచి జబల్‌పూరు మీదుగా అలహాబాదు, కలకత్తా రైలు కలిసింది. 1871లో మదరాసు లైను వెళ్ళి రాయచూరు దగ్గర బొంబాయి లైనును అందుకుంది. దాంతో మదరాసులో ఎక్కి గంగ దగ్గర దిగడం సాధ్యమైంది, ఎంత చుట్టు తిరిగినా సరే. కడప మీదుగా రాయచూరు, షోలాపూరు వైపు పోయి, అక్కడి నుంచి పైకి ఎక్కి, జబల్‌పూరు, అలహాబాదు. కాశీ ఊరి అంచున గంగ మీద రైలు వంతెన మాత్రం 1887కు గాని తెరవలేదు. ఫ్రాన్సులో జూల్ వెర్న్ అనే రచయిత ఎనభై రోజుల్లో భూమి చుట్టి రావచ్చని నవల రాసింది ఈ రోజుల్లోనే. ఆ కథానాయకుడు బొంబాయి, అలహాబాదు, కాశీ మీదుగానే కలకత్తా పోతాడు. లోకం చుట్టడానికి ఎనభై రోజులు, మన ద్విభాషిగారు కాశీ పోయి రావడానికి 473. ఈ రెండు లెక్కల నడుమ గడిచింది నలభై ఏళ్ళు మాత్రమే.

1900 నాటికి కోస్తా లైను పూర్తయి, రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన పడింది. 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలయ్యే వేళకు కాజీపేట, బల్హార్షా మధ్య దారి తెరుచుకుంది. ఇప్పుడు గంగా కావేరి ఎక్స్‌ప్రెస్ పోయే బాట చూడండి. నెల్లూరు, విజయవాడ, వరంగల్, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ, కాశీ. కింది సగం మారింది గాని పై సగం దాదాపుగా వీరాస్వామయ్యగారి బాటే. రోడ్డు సంగతీ అంతే. పాత ఏడో నంబరు జాతీయ రహదారి, 2,369 కిలోమీటర్లు, దేశంలోకల్లా పొడవైనది, కాశీ నుంచి కన్యాకుమారి దాకా ఉండేది. రేవా, జబల్‌పూరు, నాగపూరు, ఆదిలాబాదు, నిర్మల్, హైదరాబాదు, కర్నూలు మీదుగా. 2010లో నంబర్లు మార్చాక ఎక్కువ భాగం నలభై నాలుగులో కలిసిపోయింది. యాత్రికుల పాదాలు వేసిన బాట మీదే తారు పోశారు.

మా తాతయ్య, నాయనమ్మ కాశీ వెళ్ళింది రైల్లోనే. దాదాపు మూడు రోజుల ప్రయాణమని నాయనమ్మ చెప్పేది. బొగ్గు నుసి కళ్ళల్లో పడటం, బెజవాడ స్టేషనులో పిన్ని కుటుంబం భోజనం క్యారియరు తెచ్చి కిటికీలోంచి అందించడం, వరంగల్లులో ఎవరో ఎక్కి మన వైపు మాటే మాట్లాడటం, బల్హార్షా దాటాక ఒక్క తెలుగు ముక్క వినపడకపోవడం. కాశీ గురించి కన్నా ఈ దారి గురించే ఆమె ఎక్కువ చెప్పేది. తాతయ్య కార్డు రాసి చొక్కా జేబులో పెట్టుకుని, తిరుగు ప్రయాణానికి ముందు రోజు ప్రయాగలో డబ్బాలో వేశారట. కార్డు కన్నా ముందు మనుషులే ఇల్లు చేరారు. క్షేమంగా ఉన్నామని రాసిన కార్డును ఆయనే గుమ్మంలో అందుకుని, ఆయనే చదివి వినిపించారు.

బెజవాడ స్టేషనులో క్యారియరు అన్నది చిన్న విషయం కాదు. మదరాసులో స్థిరపడిన మనబోటి ఇళ్ళకు తెలుగుదేశంతో చుట్టరికం నిలిచింది ఇలాంటి ఆగడాల వల్లే. నెల్లూరులో ఒకరు, ఒంగోలులో ఒకరు, బెజవాడలో ఇంకొకరు. పది నిమిషాలు బండి ఆగితే చాలు, పెళ్ళి సంబంధాలు కూడా ప్లాట్‌ఫారం మీదే కదిలేవి.

ఇక విమానం. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచులు ఎగరేసుకు వచ్చారు. ఆ సంచుల్లో మదరాసువి నెవిల్ విన్సెంట్ అనే పైలటు బళ్ళారి మీదుగా ఇక్కడికి తెచ్చాడు. ఆ తపాలా విమానం రూటుకు చివరి ఊరు మదరాసు, దానికి ముందు మజిలీ తెలుగు, కన్నడం కలిసే బళ్ళారి. 1946 నుంచి నిజాం రాజ్యపు డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి విమానాలు నడిపింది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. వీటన్నిటిలో మాకు ఇష్టమైన కథ 1949లో మొదలైన రాత్రి తపాలా. మదరాసు, బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, నాలుగు ఊళ్ళ నుంచీ రాత్రి పూట డకోటా విమానాలు లేచేవి. నాలుగూ నడిరాత్రి నాగపూరులో దిగి, సంచులు మార్చుకుని, తెల్లారేసరికి వెనక్కి పోయేవి. నాగపూరే ఎందుకంటే నాలుగు వైపులకూ మధ్య అది. కాశీ బాటలో వీరాస్వామయ్యగారి మజిలీ, లాంబ్టన్ చేరలేకపోయిన ఊరు, మన ఉత్తరాలు నడిరాత్రి చేతులు మారిన చోటు, అన్నీ నాగపూరే.

కాశీకి చెన్నై నుంచి నేరుగా విమానం దొరకడం మాత్రం ఈ మధ్య సంగతి. అంతకుముందు ఢిల్లీ దాకా పోయి వెనక్కి రావాలి. ఇప్పుడు కూడా నేరు విమానం సమయం కుదరకపోతే హైదరాబాదులోనో బెంగుళూరులోనో మారాలి, అప్పుడు అయిదారు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. టిక్కెట్టు మీద రెండున్నర గంటలని ఉన్నా గాలిలో ఉండేది అంతకన్నా తక్కువే. గంటకు 800 కిలోమీటర్ల పైన పోయే విమానానికి 1,400 కిలోమీటర్లు పెద్ద దూరం కాదు. మిగతా సమయం నేల మీద పాకడానికి, పైకి ఎక్కడానికి, దిగడానికి పోతుంది. ఇంకో సంగతి. అమెరికా నుంచి వచ్చే మా పిల్లలు పోయేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు ఒక సమయం అంటుంటారు. ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలుల వల్ల అది. కాశీ మనకు దాదాపు నేరుగా ఉత్తరం కాబట్టి ఆ గాలి పక్క నుంచి తగులుతుంది, పోవడానికీ రావడానికీ పెద్ద తేడా ఉండదు.

చెన్నై నుంచి కాశీకి పటం మీద తిన్నగా గీత గీస్తే, అది కాసేపు సముద్రం మీద పోయి, కృష్ణా డెల్టాలో నేల ఎక్కి, ఏలూరు దగ్గరగా, గోదావరి దాటి, బస్తర్ అడవుల మీదుగా, రాయపూర్‌కు కొంచెం తూర్పుగా పోతుంది. విమానం సరిగ్గా ఆ గీత మీదే పోదనుకోండి, వాటికీ గాలిలో బాటలున్నాయి. కానీ ఆ తిన్నని దారిలో పాత యాత్రికులు ఎవరూ పోలేదు. దండకారణ్యం అడ్డం. అందుకే ఒక బాట పడమటికి వంగి నాగపూరు మీదుగా పోయింది, ఇంకొకటి తూర్పుకు వంగి సముద్రం అంచున పోయింది. ఆ వంపుల్లోనే తెలుగుదేశం ఉంది. గీత తిన్నగా అయ్యేసరికి అది కిటికీ కింద ముప్పావుగంట మేఘాలైపోయింది.

మా ఇంట్లో ఈ సంగతి మీదే ఈ మధ్య ఒక చర్చ జరిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అత్తయ్య కాశీ వెళ్తానంది. పిల్లలు పొద్దున విమానంలో తీసుకెళ్ళి మర్నాడు రాత్రికి తీసుకొచ్చేస్తామన్నారు. ఆవిడ ససేమిరా అంది. విమానం వద్దని కాదు, మోకాళ్ళ నొప్పులకు విమానమే మేలంది. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలి, అది తగ్గించడానికి వీల్లేదంది. నేల మీది దూరాన్ని రెండున్నర గంటలకు కుదించారు సరే, తొమ్మిది రాత్రులను ఏ యంత్రం కుదిస్తుంది? చివరికి ఆవిడ మాటే నెగ్గింది. మానససరోవర్ ఘాట్ వైపు, ఆంధ్రాశ్రమం ఉన్న పేటలో బస. చుట్టూ తెలుగే. పక్క గదిలో నిజామాబాదు నుంచి వచ్చినవాళ్ళు, ఎదురుగా శ్రీకాకుళం వాళ్ళు. పొద్దున కాఫీ దగ్గర పరిచయమై, సాయంత్రానికి చుట్టరికాలు కలిపేసుకున్నారు. మీది మదరాసా, అయినా తెలుగు బాగానే మాట్లాడుతున్నారే అని ఒకావిడ మెచ్చుకుందట. అత్తయ్య ఫోనులో ఈ మాట చెప్పి నవ్వింది, కొంచెం నొచ్చుకుంది కూడా. దారిలో కలవాల్సిన తెలుగుదేశం ఆవిడకు దారి చివర గంగ ఒడ్డున కలిసింది.

ఫోను రోజుకు రెండుసార్లు వచ్చేది. ఒకరోజు అక్కడ గంగలో సూర్యోదయం చూపిస్తూ, మీకింకా తెల్లారలేదా అని అడిగింది. నిజమే. కాశీ మనకన్నా రెండు డిగ్రీల ముప్పావు తూర్పున ఉంది, అంటే సూర్యుడి లెక్కలో పదకొండు నిమిషాల ముందు. శీతకాలంలో ఉత్తరానికి ఉన్న ఊళ్ళో ఆలస్యంగా తెల్లారుతుంది, ఎండాకాలంలో తొందరగా. ఆవిడ వెళ్ళింది ఎండాకాలంలో కాబట్టి రెండూ కలిసి తేడా బాగా కనిపించింది. ఇప్పుడు దేశమంతా వాడే గడియారం మీర్జాపూరు దగ్గరి రేఖను పట్టుకుని నడుస్తుంది, అది కాశీకి పొరుగు. కానీ 1906కు ముందు, ముప్పై అయిదేళ్ళకు పైగా, ఈ దేశపు రైళ్ళు చాలావరకు నడిచింది మదరాసు టైము ప్రకారం. నుంగంబాక్కం నక్షత్రశాల చెప్పిన గంటకు కాశీ బండి కదిలేది.

ఇప్పుడు వీరాస్వామయ్యగారు బయలుదేరాలంటే పల్లకీ అక్కర్లేదు, బోయీలు అక్కర్లేదు. తండయార్‌పేటలో 2021 నుంచి మెట్రో స్టేషను ఉంది. అక్కడ ఎక్కితే బండి మారకుండా, అదే నీలం లైనులో, మీనంబాక్కం విమానాశ్రయంలో దిగవచ్చు. గంట లోపు ప్రయాణం. ఒక్కటే తేడా. ఆయన ఆ రాత్రి ఇల్లు దాటి ఉత్తరానికి, మాధవరం వైపు తిరిగారు. కాశీకి పోవడానికి మనం ముందు దక్షిణానికి పోతాం.